సంతకం పెట్టేముందు కాగితం చదవండి: నల్లకుంటలో ఇంటర్ మ్యాథ్స్ ట్యూషన్

మా అమ్మాయి ఎంపీసీ ఫస్టియర్‌లో నల్లకుంట శంకర మఠం వైపు ఒక సార్ దగ్గర మ్యాథ్స్ ట్యూషన్‌కి వెళ్లింది. బోర్డు లేదు, ఫ్లెక్సీ లేదు, ర్యాంకర్ల ఫొటోలు అసలే లేవు. మేడ మీద ఒకటే గది, పాతికమంది పిల్లలు. చేరిన రోజే ఒక కాగితం చేతిలో పెట్టి పిల్లతోనూ మనతోనూ సంతకాలు చేయించుకుంటారు. నేను రాసేది ఎక్కువగా ఆ కాగితం గురించే. పాఠం బాగా చెప్పేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, పెట్టిన రూలు మీద ఏడాదంతా నిలబడేవాళ్లే తక్కువ.

ఫోన్లు గుమ్మం పక్కన ట్రేలో పెట్టాలి. క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు, బోర్డు పరీక్షలో ఎలాగూ రానివ్వరు కదా. పది నిమిషాలు దాటి వస్తే ఆ పూటకి మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకోవడమే. ట్రాఫిక్ అంటే వినరు. ఒకసారి ఆయనే ఆలస్యంగా వచ్చారట, ఆ సాయంత్రం క్లాసు అంతసేపూ పొడిగించారు. అది విన్నాక నాకు నమ్మకం కుదిరింది.

అసలు సంగతి స్టెప్పుల దగ్గర ఉంది. ప్రతి ఆదివారం టెస్ట్, అచ్చం అప్పటి బోర్డు పేపర్‌లాగే: 75 మార్కులు, మూడు గంటలు, రెండు మార్కులవి పదీ రాయాలి, నాలుగు మార్కులవి ఏడింట్లో ఐదు, ఏడు మార్కులవి ఏడింట్లో ఐదు. ఒకసారి 1ఏ (ఫస్టియర్ మ్యాథ్స్ రెండు పేపర్లలో మొదటిది) టెస్ట్‌లో ఏ+బీ = 45° అయితే (1+టాన్ ఏ)(1+టాన్ బీ) = 2 అని చూపించమన్నారు. మా పిల్ల టాన్(ఏ+బీ) ఫార్ములా రాయకుండా, టాన్ 45° ఒకటి అని కూడా అనకుండా, సరాసరి టాన్ ఏ + టాన్ బీ = 1 – టాన్ ఏ టాన్ బీ అని మొదలుపెట్టి ముగించేసింది. నాలుగుకి రెండే వేశారు. పక్కన ఎర్ర పెన్నుతో, "ఇది ఎక్కణ్నుంచి ఊడిపడింది తల్లీ?" ఆ రాత్రి ఇంట్లో అన్నం మానేసినంత పనైంది. కానీ మర్నాడు బోర్డు దగ్గర నిలబడి, ప్రతి గీతా ఎందుకొచ్చిందో చెబితే పోయిన మార్కుల్లో సగం తిరిగి ఇస్తారు. అదీ ఆ కాగితంలోనే ఉంది. సంక్రాంతికల్లా స్ట్రెయిట్ లైన్స్‌లో ఆర్థోసెంటర్ (త్రిభుజం ఎత్తులు కలిసే బిందువు) లెక్క ఇస్తే ముందు బొమ్మ గీసుకుని, ఏ భుజం వాలు ఎంతో పక్కన రాసుకుని మరీ మొదలుపెట్టడం నేను చూశాను.

ఎంసెట్ (ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ ఎప్పుడో తీసేశారుగా, మరి ఇన్ని స్టెప్పులెందుకు అని మా మరిది వాదన. ఆ పరీక్షలో 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్సే, టైము మూడు గంటలే, నిజమే. షార్ట్‌కట్లే కావాలనుకునేవాళ్లకి ఈ ట్యూషన్ పనికిరాదు, సారే ఆ మాట మొహం మీద చెప్పేస్తారు.

నచ్చనివి కూడా ఉన్నాయి. జ్వరం వస్తే తప్ప టెస్ట్ మళ్లీ పెట్టరు. లష్కర్ బోనాల ఆదివారం కూడా వదల్లేదు! సికింద్రాబాద్‌లో మా అత్తగారింట్లో బోనం ఎత్తుతుంటే మనవరాలు ఇక్కడ మ్యాట్రిక్స్ ఇన్వర్స్ కనుక్కుంటోంది. పండగ ఏడాదికొక్కసారి సార్, టెస్టులు వారం వారం.

ఫీజు 25 వేలు, రెండు విడతలు. మధ్యలో మానేస్తే రెండో విడత కట్టాలా వద్దా అన్నది మాత్రం కాగితంలో ఎక్కడా లేదు. దసరా తర్వాత మానేసిన ఒక అబ్బాయి వాళ్ల నాన్నతో దీని మీదే పెద్ద గొడవైంది. పిల్లల దగ్గర ప్రతి స్టెప్పూ రాయించే మనిషి ఇదొక్కటి రాయకుండా ఎలా వదిలేశారో! చేర్పించేటప్పుడు అడిగి, ఆ కాగితం కిందే రాయించుకోండి. బండి మాత్రం సందులోకి తీసుకెళ్లకండి, తిప్పుకోవడానికి చోటుండదు.