విమానం రద్దయితే ఏజెంటు చేత టికెట్ క్యాన్సిల్ చేయించకండి: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు హెచ్చరిక

విశాఖ నుంచి విమానం ఎక్కే మన రెండు జిల్లాల వాళ్ళూ దయచేసి ఇది చదవండి. ముఖ్యంగా ఊళ్ళో ట్రావెల్స్ వాళ్ళ దగ్గర టికెట్ తీసుకునేవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళను ఒంటరిగా పంపేవాళ్ళు. విమానాన్ని కంపెనీయే రద్దు చేసినప్పుడు, “టికెట్ క్యాన్సిల్ కొట్టేయమంటారా?” అని ఏజెంటు అడిగితే వెంటనే సరే అనకండి. పూర్తిగా రావలసిన డబ్బుకి అక్కడే కోత పడుతుంది. మా ఇంట్లో అదే జరిగింది.

మా మామయ్యకు హైదరాబాద్‌లో గుండె డాక్టరు దగ్గర చెకప్ ఉంది. రాత్రంతా బస్సులో కూర్చోలేరని ఆయనకీ అత్తయ్యకీ విమానం టికెట్లు శ్రీకాకుళంలోనే ఒక ట్రావెల్స్‌లో తీయించాం. డబ్బు ఫోన్‌పే చేశాం. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని విశాఖ ఎయిర్‌పోర్టుకి చేరితే విమానం రద్దయిందన్నారు. నిన్ననే మెసేజ్ పంపామని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. మా ఎవరి ఫోనుకీ ఏమీ రాలేదు. అడిగి చూస్తే బుకింగ్‌లో పేర్లు మావాళ్ళవి, ఫోన్ నంబరు, ఈమెయిలు ఏజెంటువి. వచ్చిన మెసేజ్ ఆయన చూడలేదు, మాకు చెప్పలేదు. గుండె జబ్బు ఉన్న పెద్దాయన వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చి, కుర్చీలో కూలబడి మందులేసుకోవడం చూస్తే నాకు కన్నీళ్ళు ఆగలేదు. చివరికి ఆ రాత్రి బస్సులోనే పంపాల్సి వచ్చింది.

బుకింగ్‌లో ఏజెంటు నంబరు ఉండడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, విమాన కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం టికెట్ డబ్బుతో పాటు పరిహారం కూడా ఇవ్వాలి. గంటలోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, రెండు గంటల లోపు అయితే 7,500, అంతకు మించితే 10,000. మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపితే అంతకన్నా తక్కువ అయితే ఆ తక్కువ మొత్తమే ఇస్తారు. తుపాను లాంటి కంపెనీ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. ప్రయాణికుడు తనను సంప్రదించే వివరాలు సరిగా ఇవ్వకపోయినా వర్తించదు. మా విషయంలో కంపెనీ ఈ చివరి మాటే పట్టుకుంది. కాబట్టి డబ్బు కట్టే ముందు, బుకింగ్‌లో మీ నంబరే పెట్టమని ఏజెంటుకి గట్టిగా చెప్పండి. టికెట్ చేతికొచ్చాక దాని మీదుండే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు)తో కంపెనీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేస్తే, “మీరేం టెన్షన్ పడకండి మేడమ్, నేను చూసుకుంటాను” అన్నాడు ఏజెంటు. చూసుకోవడమంటే తన సిస్టమ్‌లో మామూలు క్యాన్సిల్ నొక్కడం. అంటే మనమే ప్రయాణం మానుకున్నట్టు రికార్డయింది, క్యాన్సిలేషన్ ఛార్జీలు పోయాయి, పైన ఆయన సర్వీస్ ఛార్జీ. కంపెనీ రద్దు చేస్తే ఇలా ఒక్క రూపాయి కోయడానికి లేదు. మేం అడిగితే ఏజెంటు కంపెనీని అడగమంటాడు, కంపెనీ ఏజెంటునే అడగమంటుంది. వారాల తరబడి ఇదే వరస.

ఇక్కడ నిబంధన చాలా స్పష్టంగా ఉంది. ఏజెంటు దగ్గర తీసినా, యాప్‌లో తీసినా రీఫండ్ బాధ్యత విమానయాన సంస్థదే, ఎందుకంటే ఏజెంట్లు వాళ్ళు నియమించుకున్న ప్రతినిధులే. ఈ మాట ఈమెయిల్‌లో రాసి, విమానం మీరే రద్దు చేసినట్టు రాతపూర్వకంగా ఇవ్వండని అడిగాకే కంపెనీ దారికొచ్చింది. అప్పుడు కూడా ముందు క్రెడిట్ షెల్ ఇస్తామన్నారు. అంటే డబ్బు వాళ్ళ దగ్గరే ఉంటుంది, మళ్ళీ వాళ్ళ విమానమే ఎక్కి వాడుకోవాలి. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి విమానం ఎక్కే మనలాంటి వాళ్ళకు అది ఎందుకు? తీసుకోవాలా వద్దా అనేది ప్రయాణికుడి ఇష్టమని డీజీసీఏ చెబుతోంది, కంపెనీ దానంతట అది అంటగట్టకూడదు. లింకు పంపి “యాక్సెప్ట్” నొక్కమంటారు. నొక్కకండి.

క్రెడిట్ కార్డుతో మీరే కట్టి ఉంటే ఏడు రోజుల్లో కార్డుకి వెనక్కి రావాలి. మాది ఏజెంటు తన వాలెట్ (టికెట్ల కోసం ఆయన డబ్బు వేసి ఉంచే ఆన్‌లైన్ ఖాతా) లోంచి కట్టిన టికెట్ కాబట్టి రీఫండ్ ఆ వాలెట్‌కే వెళ్ళింది. వచ్చిందని ఆయన చెప్పలేదు. కంపెనీ ఈమెయిల్ తీసుకెళ్ళి చూపిస్తేనే ఇచ్చాడు, అదీ సర్వీస్ ఛార్జీ పట్టుకునే. ఫోన్‌పే రసీదు, ఆయనతో చేసిన వాట్సాప్ చాటింగ్ ఉండబట్టి అంతవరకైనా వచ్చింది. చేతికి డబ్బిచ్చి కాగితం తీసుకోకపోతే ఏం చూపిస్తాం?

కంపెనీ సరిగా జవాబివ్వకపోతే పౌర విమానయాన శాఖ వాళ్ళ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మేం ఆ ఈమెయిల్‌తో పాటు ఇక్కడ కూడా ఫిర్యాదు పెట్టాకే కదలిక వచ్చింది. 2025 డిసెంబరులో దేశమంతటా విమానాలు రద్దయినప్పుడు ఈ శాఖ గడువు పెట్టి మరీ రీఫండ్లు ఇవ్వమంది. అంటే అడిగేవాళ్ళు ఉంటే ఇవ్వగలరు. ఆ శాఖ మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే, మన జిల్లా వాళ్ళు అడగడానికి మొహమాటపడితే ఎలా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేయాలి. మిగిలిన డబ్బు కోసం, ఆ రోజు కారు ఖర్చు కోసం మేం కాగితాలు సిద్ధం చేస్తున్నాం.

ఇంకో ప్రమాదం. రీఫండ్ కోసం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతక్కండి. అందులో దొంగ నంబర్లు ఉంటాయి. మా అత్తయ్య అలాంటి ఒక నంబరుకి ఫోన్ చేస్తే, ఏదో యాప్ వేసుకోమని, తర్వాత యూపీఐ పిన్ కొట్టమని అడిగారు. ఆవిడకు అనుమానం వచ్చి పెట్టేశారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. నంబరు టికెట్ మీద గానీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో గానీ చూసి తీసుకోండి. ఇప్పటికే ఎవరైనా అలా మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.