గుంటూరులో సిస్టర్ల కాలేజీ హాస్టల్: మూడేళ్లు ఉన్నాక రాస్తున్న సమీక్ష

ఇంటర్ ఫలితాలు రాగానే ఆడపిల్లల తల్లిదండ్రులు హాస్టల్ గురించి అడిగేవి రెండే. భోజనం ఎలా ఉంటుంది, గేటు ఎన్నింటికి వేస్తారు. 2022 నుంచి 2025 దాకా గుంటూరులో క్రైస్తవ సిస్టర్లు నడిపే ఒక డిగ్రీ కాలేజీలో చదివి, ఆ ఆవరణలోని హాస్టల్లోనే ఉన్నాను. నన్నడిగితే మూడో ప్రశ్న కూడా వేయమంటాను: ఫైనలియర్ పిల్లల్ని ఎలా చూస్తారు? మా హాస్టల్ కొత్తగా వచ్చిన పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది. అదే పిల్ల ఇరవై ఏళ్లదై ఉద్యోగం దారి పట్టేసరికి ఏం చేయాలో హాస్టల్‌కు తెలియడం లేదు. కాలేజీ పేరు రాయను. వేరే కాలేజీల స్నేహితురాళ్లు చెప్పేదీ దాదాపు ఇదే కాబట్టి, ఎక్కడ చేరేవాళ్లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి ఏడాది గురించి మంచే చెప్పాలి. చేరిన వారంలోనే ప్రతి కొత్తమ్మాయినీ ఒక సీనియర్ అక్కకు అప్పజెప్పారు. మెస్ టైములు చెప్పడం, ఊరు తెలియని పిల్లను బ్రాడీపేటకు తీసుకెళ్లి పుస్తకాలు కొనిపించడం, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు క్లాసులో ఇంగ్లీషులో చెప్పిన పాఠం రాత్రి స్టడీ అవర్‌లో తెలుగులో మళ్లీ చెప్పడం ఆ అక్క పని. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచి ఉంది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి, ఏటా అఫిడవిట్లూ ఇస్తాం. మా దగ్గర వాటితో పని పడకపోవడానికి ఈ అక్కల ఏర్పాటే కారణమని నా నమ్మకం. జ్వరమొస్తే గంజి తెచ్చిచ్చిన అక్క, మర్నాడు అదే పిల్లను నిలబెట్టి పాట పాడమనదు.

గదికి నలుగురం. ఇనప మంచాలు, గోడ అలమరలు, ఒక ఫ్యాను. నీళ్లకు ఇబ్బంది లేదు, పొద్దున బాత్‌రూముల దగ్గర క్యూ తప్పదు. గది గురించి ఇంతే.

నాకు అన్నిటికంటే మేలు చేసింది ఆఫీసులోని స్కాలర్‌షిప్ సెక్షన్. నేను చేరినప్పుడు రాష్ట్ర ప్రభుత్వ పథకాలైన విద్యాదీవెన కింద ఫీజు, వసతిదీవెన కింద హాస్టల్ ఖర్చు తల్లి ఖాతాలో పడేవి. డిగ్రీ పిల్లలకు వసతిదీవెన అప్పట్లో ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతలుగా వచ్చేది. హాజరు 75 శాతం ఉండాల్సి వచ్చేది, తల్లి ఖాతాకు ఆధార్ లింకు అయి ఉండాల్సి వచ్చేది. మాది వినుకొండ దగ్గర పల్లెటూరు. అమ్మకు రెండు బ్యాంకు ఖాతాలున్నాయి, డబ్బు దేనిలో పడుతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. సెక్షన్‌లో సారు ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ జ్ఞానభూమి తెరిచి చూసి, బ్యాంకులో ఏమని అడగాలో, సచివాలయానికి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో తెలుగులో చీటీ రాసిచ్చారు. అమ్మ ఆ చీటీ పట్టుకెళ్లి ఒక్క పూటలో పని చేయించుకొచ్చింది. ఆ తర్వాత విడతలు నెలల తరబడి ఆలస్యమైనా, ఫీజు బకాయి ఉందని మా క్లాసులో ఎవరి హాల్‌టికెట్టూ ఆపలేదు. ఈ ఒక్క సంగతి కోసమే పేదింటి పిల్లలకు ఇలాంటి కాలేజీ చెప్పబుద్ధవుతుంది నాకు.

మెస్‌ది డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చును తిన్నవాళ్ల సంఖ్యతో భాగించి బోర్డు మీద రాస్తారు, సరుకుల లెక్క విద్యార్థుల కమిటీ చూడొచ్చు. పప్పుచారు పలచన, గోంగూర పచ్చడి అమోఘం, ఆదివారం కోడికూర. కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి లేని కూర అడిగినవాళ్లకు విడిగా చేసేవారు. 2025 మార్చిలో రంజాన్ నెల, క్యాథలిక్కుల తపస్సుకాలం ఒకేసారి వచ్చాయి. మా గదిలో ఒకమ్మాయికి రోజా, ఇంకొకమ్మాయికి శుక్రవారాలు మాంసం లేదు. సహరీ కోసం తెల్లవారుజామున వంటగది తెరిచి, చపాతీలు, కూర హాట్‌బాక్సులో పెట్టించింది మెస్ చూసే సిస్టరే.

మతం సంగతి హిందూ తల్లిదండ్రులు చాలామంది నన్ను గొంతు తగ్గించి అడిగారు, అందుకే చెబుతున్నాను. రాత్రి భోజనం ముందు ఒక చిన్న ప్రార్థన, అప్పుడు నిలబడితే చాలు. చర్చిలో పూజకు వెళ్లడం క్యాథలిక్ పిల్లల వరకే, మిగతావాళ్లకు ఆ వేళ నైతిక విలువల క్లాసు. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు బస్సు వేసేవారు, ఇష్టమైతే ఎక్కొచ్చు. నన్నెవరూ ఏనాడూ బలవంతపెట్టలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు, అక్కడి పిల్లలు కొందరు మా హాస్టల్లో ఉన్నారు. ఇళ్లకు ఫోన్లు కలవవు. వార్డెన్ సిస్టర్ వాళ్లందరినీ ఒకే హాల్లో పడుకోబెట్టి, తనూ అక్కడే పడుకున్నారు. తెలిసినవాళ్ల ద్వారా ఒక్కో ఇంటి కబురూ తెప్పించారు. ఆ నెల ఆ పిల్లల మెస్ బిల్లు కాలేజీయే కట్టుకుంది. ఆ రోజుల్లో ఆమెను చూసినదాన్ని కాబట్టి, కింద రాసేవి కోపంతో రాస్తున్నవి కావు.

కౌన్సెలర్ మేడం మంచి మనిషి, చెప్పింది బయటికి పోదు. కానీ వారానికి ఒక్కరోజే వస్తారు, పైగా ఆమె గది ఆఫీసు వరండాలో అందరి కళ్ల ముందు ఉంటుంది. ఆ బెంచీ మీద కూర్చుంటే సాయంత్రానికల్లా హాస్టలంతా తెలుస్తుంది. అందుకే అసలు అవసరమున్నవాళ్లు వెళ్లరు. మిగతా ఆరు రోజులూ పిల్లలకు తెలియాల్సిన నంబరు టెలిమానస్ 14416, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. ఆ నంబరు ప్రతి అంతస్తులో గోడ మీద ఉండాలి. మా హాస్టల్లో నేనున్నన్నాళ్లూ లేదు.

రాత్రి జబ్బు చేస్తే పరిస్థితి ఇంకా కష్టం. సిక్‌రూము సాయంత్రం దాకానే. ఒక వర్షాకాలం మా గది అమ్మాయికి జ్వరం మండిపోయి వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే తండ్రి ఫోనులో ఒప్పుకోవాలి, లోకల్ గార్డియన్ వచ్చి సంతకం పెట్టాలి. తండ్రి ఫోనెత్తలేదు, గార్డియన్ వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. తర్వాత అది డెంగీ అని తేలింది, పిల్ల కోలుకుంది. ఇదే గుంటూరుకు 1883లో అన్నా కుగ్లర్ అనే మిషనరీ డాక్టరమ్మ వచ్చి, ఆడవాళ్లకు వైద్యం చేసి, 1898లో ఆసుపత్రి కట్టించింది. మిషన్ పేరు చెబితే జనానికి ఆసుపత్రి గుర్తొచ్చే ఊళ్లో, వందల మంది ఆడపిల్లలున్న హాస్టల్లో రాత్రికి ఒక నర్సు లేకపోవడం నాకు బాధగా ఉంది. చేరేటప్పుడే తల్లిదండ్రుల చేత ఒక అంగీకారపత్రం రాయించుకుంటే ఆ సంతకం కోసం ఎదురుచూపులు ఉండవు.

ఇక ఇంటర్న్‌షిప్. మా బ్యాచ్ డిగ్రీలో మొత్తం 10 నెలలు ఇంటర్న్‌షిప్ కింద పోయాయి: రెండు వేసవుల్లో రెండేసి నెలలు, ఆఖర్న ఒక పూర్తి సెమిస్టరు. హాస్టల్ నియమాలు మాత్రం పిల్లలు పొద్దున క్లాసుకెళ్లి సాయంత్రం తిరిగొచ్చే రోజుల నాటివి. వేసవిలో హాస్టల్ మూసేస్తారు. మొదటి వేసవి సర్వే ప్రాజెక్టు సొంతూళ్లో చేసుకున్నాం కాబట్టి సరిపోయింది. రెండో వేసవికి పెట్టెలు సర్దుకుని లక్ష్మీపురంలో ప్రైవేటు లేడీస్ హాస్టల్‌కి మారాం. ముందే అడ్వాన్సు కట్టాలి, గదిలో ఆరుగురు, మే నెల ఎండ. అంతగా జాగ్రత్త చూపే కాలేజీ, తన పిల్లలు ఆ రెండు నెలలు ఎక్కడుంటారో ఒక్కసారి కనుక్కోలేదు.

ఆఖరి సెమిస్టరులో నాది విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసు. ఆరింటికి వదిలేవారు. వారధి మీద ట్రాఫిక్ దాటి గుంటూరు బస్టాండులో దిగేసరికి ఎనిమిదవుతుంది. హాస్టల్ గేటు ఆరున్నరకే. ప్రతిరోజూ లేటు పర్మిషన్ చీటీ, ప్రతిరోజూ ఇంటికి ఫోను. పొలం నుంచి వచ్చి అన్నం తింటున్న నాన్న రోజూ అదే జవాబు చెప్పాలి, "ఆఫీసు నుంచే వస్తందమ్మా, రానీయండి" అని. మెస్ ఎనిమిదింటికి కట్టేస్తారు, అన్నం తీసిపెట్టమని రూమ్మేట్‌ను బతిమాలుకోవాలి. మాతో చదివిన ఇద్దరమ్మాయిలు ఈ బాధ పడలేక మంచి చోట్లు వదులుకుని, హాస్టల్‌కు దగ్గరలోని చిన్న షాపుల్లో సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ నష్టంగా కనిపించింది అదే.

సిస్టర్ల భయం నాకు అర్థమవుతుంది. రాత్రి ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. అందుకే ఫైనలియర్ వాళ్లం కలిసి ప్రిన్సిపల్ సిస్టర్‌కు అర్జీ ఇచ్చాం: ఆఫీసు లెటరు చూపినవాళ్లకు సెమిస్టరంతటికీ ఒకే పాసు, గేటు ఎనిమిదిన్నర దాకా, బస్టాండు నుంచి కలిసి రావడానికి కాలేజీ మాట్లాడిపెట్టిన ఒక ఆటో, వేసవిలో ఒక్క అంతస్తు తెరిచి ఉంచడం. ఆమె చదివి, ఆలోచిస్తామన్నారు. మేం గదులు ఖాళీ చేసే నాటికి మెస్ టైము ఒక్కటి తొమ్మిదికి మార్చారు. మిగతావి అలాగే ఉన్నాయి.

ఈ ఏడాది చేర్పించేవాళ్లు అడ్మిషన్ రోజు భోజనంతో పాటు ఇవి కూడా అడగండి: రాత్రి నర్సు ఉంటుందా, వేసవి ఇంటర్న్‌షిప్‌కు గది ఇస్తారా, మూడో ఏడాది గేటు టైము ఎంత. జవాబు నోటితో వద్దు, హాస్టల్ రూల్స్ కాగితం మీద రాయించుకోండి.