పాత పెడల్ స్టీల్ రికార్డింగ్: యాంప్ ముందు మైకా, నేరుగా డీఐనా? ఏది మేలు?

మామూలు గిటార్ వాయించేవాళ్లకు ఇది పెద్ద ప్రశ్న కాదు. యాంప్ ముందు ఒక మైకు పెడతారు, వీలు కాకపోతే నేరుగా ఇంటర్‌ఫేస్‌లో గుచ్చి (దీన్నే డీఐ, అంటే డైరెక్ట్ ఇన్‌పుట్, అంటారు) తర్వాత సాఫ్ట్‌వేర్ యాంప్ తగిలిస్తారు. పెడల్ స్టీల్ (తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడల్స్, మోకాలి లీవర్లతో తీగల శ్రుతి మార్చే గిటార్) దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు సగమే పనికొస్తుంది. పికప్ వేరు, పికప్‌కీ యాంప్‌కీ మధ్య ఎప్పుడూ కదులుతూ ఉండే వాల్యూమ్ పెడల్ ఉంటుంది. వాయిద్యం 1960లు, 70ల నాటి షో-బడ్‌, ఎమ్మన్స్, ఎంఎస్‌ఏ, ఫెండర్ 400 లాంటిదైతే దాని కీళ్ల చప్పుళ్లు కూడా తోడవుతాయి. అందుకే "ఏ టోన్ అందంగా ఉంది" అని మొదలుపెట్టడం కంటే, ఈ వాయిద్యంలో ఉన్న లోపాల్లో దేన్ని ఏ దారి కప్పుతుంది, దేన్ని బయటపెడుతుంది అని చూసుకుంటే జవాబు త్వరగా దొరుకుతుంది.

ఒక్క లోపాన్ని మాత్రం ఏ దారీ కప్పదు. అది శ్రుతి.

ముందు వాయిద్యం సంగతి

ఈ9 ట్యూనింగ్‌లో (పది తీగలు) 4, 8 తీగలు 'ఈ' (E) స్వరానివి. ట్యూనర్ పెట్టి 8వ తీగ మీటండి, అది మోగుతుండగానే 'ఏ' (A), 'బీ' (B) పెడల్స్ రెండూ తొక్కండి. ఆ పెడల్స్ ఈ తీగను లాగవు, కాబట్టి సూది కదలకూడదు. పాత వాయిద్యాల్లో కదులుతుంది. మిగతా తీగల బిగువు పెరిగినప్పుడు బాడీ, ఛేంజర్ (పెడల్ తొక్కితే తీగను లాగే భాగం) వెంట్రుకవాసి వంగుతాయి, ముట్టని తీగ కిందికి దిగుతుంది. దీన్నే క్యాబినెట్ డ్రాప్ అంటారు. రెండు మూడు సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) దిగితే పట్టించుకోనక్కర్లేదు. ఎనిమిది, పది సెంట్లయితే తొక్కిన ప్రతి కార్డ్‌లో పులుపు వినబడుతుంది. రికార్డింగ్ రోజున దాన్ని బాగుచేయలేరు, పంచగలరంతే. పెడల్ తొక్కనప్పుడు ఈ తీగలను ఆ తేడాలో సగం మేర పైకి పెట్టుకుంటే, తొక్కినప్పుడు మిగతా సగమే కిందికి ఉంటుంది.

జీ షార్ప్ తీగలు, అంటే 3, 6, కూడా ఆలోచించి శ్రుతి చేయాల్సినవే. శుద్ధమైన మేజర్ థర్డ్ పియానో శ్రుతి కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ. స్టీల్ ఒక్కటే మోగుతున్నప్పుడు ఆ 14 తగ్గింపు తేనెలా ఉంటుంది. ట్రాక్‌లో పియానోనో ఆర్గనో అదే స్వరాన్ని పట్టి ఉంటే రెండూ కొట్టుకుంటాయి. అలాంటి పాటలకు సగం తగ్గింపు, ఏడెనిమిది సెంట్లు, సరిపోతుంది.

ఆల్-పుల్ (శ్రుతి మార్పులన్నీ రాడ్లను లాగడంతోనే చేసే) మెకానిజం అయితే ముందు ఖాళీ తీగలను కీలతో సరిచేసి, తర్వాత పెడల్ తొక్కి ఉంచి కుడివైపు చివర ఉన్న నైలాన్ నట్లు తిప్పాలి. అంతకన్నా పాత మెకానిజాల్లో ఈ వరుస వేరుగా ఉంటుంది. తమ వాయిద్యం ఏ రకమో తెలుసుకోకుండా నట్లు తిప్పితే సాయంత్రమంతా దానికే పోతుంది. 3వ తీగ 0.011 అంగుళాల సన్నది, అందులోనూ జీ షార్ప్ దాకా బిగించి, అక్కడి నుంచి 'ఏ' (A) స్వరానికి లాగుతాం. తెగేది ఎక్కువగా అదే, అదీ ఛేంజర్ మీద వంగే చోట. విడిగా నాలుగైదు దగ్గర పెట్టుకోండి. కొత్తది వేశాక దాన్ని లాగే పెడల్‌ను పాతిక ముప్ఫైసార్లు తొక్కితేగానీ తీగ కుదురుకోదు.

రెండు దారులకూ గుమ్మం వాల్యూమ్ పెడల్

గిటారిస్టులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. స్టీల్‌లో వాల్యూమ్ పెడల్ శబ్దం తగ్గించడానికి కాదు, స్వరాన్ని నిలబెట్టడానికి. మీటేటప్పుడు పెడల్ దాదాపు సగంలో ఉంటుంది. తీగ నీరసించే కొద్దీ పాదం మెల్లగా ముందుకు వాలుతుంది. కాబట్టి రికార్డ్ అయ్యేది పికప్ ఇచ్చిన సిగ్నల్ కాదు, పాదం దిద్దిన సిగ్నల్.

ఇక విద్యుత్ లెక్క. పాత స్టీల్ సింగిల్ కాయిల్ పికప్‌కు చాలా చుట్లు ఉంటాయి. స్ట్రాటోకాస్టర్ పికప్ రెసిస్టెన్స్ 6 కిలోఓమ్‌ల దరిదాపుల్లో ఉంటే, దీనిది సాధారణంగా 17 నుంచి 20. చుట్లు ఎక్కువైతే అవుట్‌పుట్ పెరుగుతుంది, దాంతోపాటు భారానికి లొంగడమూ పెరుగుతుంది. పెడల్‌లోని పాట్ (శబ్దాన్ని పెంచి తగ్గించే, విలువ మారే రెసిస్టర్) 500 కిలోఓమ్‌లది కావాలి. మామూలు గిటార్ కోసం అమ్మే 250 పాట్ పెట్టిన పెడల్‌తో పై స్వరాల మెరుపు పోతుంది. 500 పాట్ ఉన్నా, పెడల్ సగంలో ఉన్నప్పుడు పాట్ రెసిస్టెన్స్, దాని తర్వాతి కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ట్రెబుల్‌ను కోస్తాయి. స్వరం మసగ్గా మొదలై, పాదం వాలే కొద్దీ వెలుగు తెచ్చుకుంటుంది. కొందరికి ఇదే ఇష్టం, పాత రికార్డింగ్‌ల గుణంలో దీనికీ వాటా ఉంది. ఇష్టం లేనివాళ్లు పెడల్ అవుట్‌పుట్ దగ్గరే ఒక బఫర్ (కేబుల్ భారం సిగ్నల్ మీద పడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) పెట్టుకోవాలి. ఏదైనా సరే, పెడల్ నుంచి ముందుకు పోయే కేబుల్‌ను ఐదారు మీటర్లకు మించనివ్వకండి.

ఇంకో చిక్కు ఉంది. స్వరం చివర్లో పాదం పూర్తిగా వాలినప్పుడు సింగిల్ కాయిల్ హమ్ (కరెంటు నుంచి వచ్చే గుయ్‌మనే రొద) కూడా దానితో పాటు పైకి లేస్తుంది. మామూలు గిటార్‌లో హమ్ ఒకే మట్టంలో ఉంటుంది కాబట్టి చెవి మరిచిపోతుంది. ఇక్కడ అది ప్రతి పదం తోకలో పెరుగుతూ వస్తుంది, పైన కంప్రెసర్ వేస్తే ఇంకా ముందుకు వస్తుంది. మందు ఒక్కటే. పెడల్ పూర్తిగా తెరిచి, తీగలు అదిమిపెట్టి, వాయిద్యాన్ని నేల మీద కొద్దికొద్దిగా తిప్పుతూ హమ్ అతి తక్కువగా ఉన్న దిక్కు కనిపెట్టి, కాళ్ల దగ్గర నేల మీద టేప్ అంటించాలి. యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కు, కంప్యూటర్ స్క్రీన్‌కు దూరంగా జరిగితే సగం సమస్య అక్కడే తీరుతుంది. హమ్‌బకర్ (హమ్‌ను రద్దు చేసే రెండు కాయిళ్ల పికప్) ఉన్న వాయిద్యాలకు ఈ తంటా తక్కువ.

యాంప్, మైకు

స్టీల్‌కు కావాల్సింది చిరగని, అంటే డిస్టార్షన్ రాని, యాంప్. 85 వాట్ల ఫెండర్ ట్విన్ రివర్బ్, 15 అంగుళాల స్పీకర్‌తో పీవీ సెషన్ 400, నాష్‌విల్ 400 స్టీల్ వాళ్లకు ఇష్టమవడానికి కారణం అదే. చిన్న యాంప్ ఒక్క తీగ మీటితే బాగానే ఉంటుంది. రెండు తీగలు మీటి ఒకదాన్ని పెడల్‌తో లాగితే, చిరుగుతున్న యాంప్ ఆ రెంటి మధ్య లేని స్వరాలను పుట్టిస్తుంది, అవీ లాగే కొద్దీ జారుతుంటాయి. శ్రుతి సరిగానే ఉన్నా చెడినట్టు వినిపిస్తుంది.

ఈ దారి గొప్పతనం స్పీకర్‌ది. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక దానంతట అదే వాలిపోతుంది. లోహపు ఫింగర్ పిక్స్ తీగను గీరే చప్పుడు, చుట్టిన తీగల మీద బార్ ఈడ్చే బరబర చాలావరకు అక్కడే ఆగిపోతాయి. స్టీల్‌కు కొత్త చేతులకు ఇది పెద్ద మేలు.

ఎస్‌ఎం57 మైకు అయితే గ్రిల్‌కు 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో, మధ్య గుండ్రం అంచుకు గురిపెట్టి మొదలుపెట్టండి. 12వ ఫ్రెట్ పైన 3, 4 తీగలు వాయించి వినండి. చెవిలో గుచ్చుకుంటే మైకును అంచు వైపు జరపాలి, ఈక్వలైజర్ జోలికి తర్వాత వెళ్లొచ్చు. రిబ్బన్ మైకు ఆ పదునును ఇంకా మృదువుగా తీసుకుంటుంది, 20-30 సెంటీమీటర్ల దూరంలో బాగుంటుంది. కానీ అది వెనక నుంచి కూడా వింటుంది కాబట్టి వాయించే మనిషిని దాని పక్క వైపుకు రానివ్వాలి.

ఇక పాత వాయిద్యం కీళ్ల చప్పుడు. పెడల్ రాడ్లు గలగలమంటాయి, మోకాలి లీవర్ వదిలినప్పుడు టక్కుమంటుంది. యాంప్ అదే గదిలో ఉంటే మైకు ఇవన్నీ వింటుంది. నెమ్మదైన పాటలో ఒక్కో టక్కూ లెక్కపెట్టొచ్చు. యాంప్‌ను పక్క గదిలో పెట్టండి, దానికోసం పెడల్ దగ్గర నుంచి గిటార్ కేబుల్‌ను పదిహేను మీటర్లు పొడిగించే ముందు మధ్యలో బఫర్ పెట్టడం మరవకండి. ఇరుసుల దగ్గర కుట్టుమిషన్ నూనె ఒక్కో బొట్టు వేసి, మిగిలింది తుడిచేస్తే కొంత నెమ్మదిస్తుంది.

నేరుగా డీఐ

గదిలోని చప్పుళ్లేవీ దీనిలోకి రావు. రాత్రిపూట కూడా పని జరుగుతుంది. పికప్ మైక్రోఫోనిక్ (మైకులా తట్టు చప్పుళ్లనూ పట్టేది) అయిపోయిన వాయిద్యానికి ఇదే మేలు. గోటితో పికప్ మీద తట్టండి, స్పీకర్‌లో టక్కున గట్టిగా వినిపిస్తే కాయిల్ లోపల మైనం లేదనో, వదులైందనో అర్థం. పెద్ద శబ్దంతో ఉన్న యాంప్ దగ్గర అలాంటి పికప్ కీచుమంటుంది, డీఐలో ఆ బెడద లేదు. అయితే బాడీ గుండా వచ్చే లీవర్ తట్టు మాత్రం అలాంటి పికప్ నుంచి డీఐలోకీ వస్తుంది. రికార్డింగ్ కోసమని పాత పికప్‌ను హడావుడిగా వేడి మైనంలో ముంచొద్దు. పాత బాబిన్ వేడికి వంకరపోతే మళ్లీ రాదు.

డీఐలో అంతా ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (ఇది తక్కువైతే పికప్ మీద భారం ఎక్కువ) మీదే ఉంది. 1 మెగాఓమ్ కనీసం. ఇంటర్‌ఫేస్‌లో వాయిద్యం బొమ్మ ఉన్న ఇన్‌పుట్లు సాధారణంగా ఇంతే ఉంటాయి. అదే జాక్ పట్టే లైన్ ఇన్‌పుట్ చాలాసార్లు 10 కిలోఓమ్‌ల దరిదాపుల్లోనే. దానిలో గుచ్చితే స్టీల్ దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది, చాలామంది ఆ తప్పును వాయిద్యం మీదికి తోస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ పెట్టెల్లో ఇంపీడెన్స్ సాధారణంగా 140 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. బేస్ గిటార్‌కు చాలు, ఈ పికప్‌కు చాలదు. యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ వాడండి, లేదా పెడల్ తర్వాత బఫర్ పెట్టండి.

వచ్చిన సిగ్నల్ పచ్చిగా ఉంటుంది. 5-6 కిలోహెర్ట్జ్ పైన కోయండి, లేదా 15 అంగుళాల స్పీకర్ ఇంపల్స్ రెస్పాన్స్ (స్పీకర్ ధ్వని గుణాన్ని అనుకరించే ఫైలు) తగిలించండి. 800 హెర్ట్జ్ చుట్టూ వెడల్పుగా మూడు నాలుగు డీబీలు తగ్గిస్తే ముక్కుతో పాడినట్టుండే గుణం పోతుంది. కింద కోసేటప్పుడు ఏ నెక్ (తీగల వరుస; కొన్ని వాయిద్యాలకు ఈ9, సీ6 అని రెండు ఉంటాయి) వాయిస్తున్నారో చూడాలి. ఈ9లో అడుగు తీగ బీ స్వరం, 123 హెర్ట్జ్, కాబట్టి 80 దగ్గర నిర్భయంగా కోయొచ్చు. సీ6 నెక్ అడుగు తీగ 65 హెర్ట్జ్‌కు దిగుతుంది, అక్కడ అదే ఫిల్టర్ అసలు స్వరాన్నే తినేస్తుంది.

రెండూ కలిపి తీసుకుంటే

డీఐ పెట్టాల్సిన చోటు వాల్యూమ్ పెడల్ తర్వాత. ముందు పెడితే పాదం చేసిన పని డీఐ ట్రాక్‌లో ఉండదు. మౌస్‌తో ఆటోమేషన్ గీసి ఆ పాదాన్ని తిరిగి తేవచ్చని అనుకోకండి, చెయ్యీ పాదం ఒకదాన్నొకటి వింటూ కదిలినది అలా రాదు. పెడల్ నుంచి డీఐకి, డీఐ త్రూ (సిగ్నల్‌ను అలాగే ముందుకు పంపే జాక్) నుంచి యాంప్‌కు. గ్రౌండ్ లూప్ హమ్ వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి.

మైకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే శబ్దం దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో అది సుమారు 42 శాంపిళ్లు. డీఐ ట్రాక్‌ను అంతే ఆలస్యమయ్యేలా జరపకుండా రెండూ కలిపితే మధ్య స్వరాలు బోలుగా అవుతాయి. జరిపాక ఒకదాని పొలారిటీ తిప్పి చూసి, ఎటు వైపు ఒళ్లు నిండుగా ఉంటే అటే ఉంచండి.

మరి ఏది?

వాయిద్యం నిశ్శబ్దంగా ఉండి, యాంప్‌కు వేరే గది ఉంటే, పాటలో స్టీల్ ముందు నిలబడి పలికే చోట మైకే మేలు. పాదం నెమ్మదిగా వాలినప్పుడు స్పీకర్, గాలి కలిసి ఇచ్చే స్పందనను ఇంపల్స్ రెస్పాన్స్ కొంతవరకే ఇస్తుంది. గొంతు వెనక పొరలా పరుచుకునే పొడుగు కార్డ్‌లకు డీఐ చాలు, చాలాసార్లు అదే మెరుగ్గా సర్దుకుంటుంది కూడా. కీళ్లు మోగే వాయిద్యం, మైక్రోఫోనిక్ పికప్, ఒకే గది, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా డీఐ.

స్టీల్‌కు కొత్తగా వచ్చిన గిటారిస్టుకు మాత్రం మా సలహా వేరు. రికార్డ్ డీఐతో చేసినా, వాయించేటప్పుడు వినేది నిజమైన యాంప్ అయితే మంచిది. ఫ్రెట్ బార్‌ను ఆపదు, చెవే ఆపాలి. సాఫ్ట్‌వేర్ యాంప్ గుండా వింటూ పది మిల్లీసెకన్లు ఆలస్యమైతే, చెవి చెప్పేసరికి బార్ ముందుకు జారిపోయి ఉంటుంది, పాదం కూడా ఎక్కువ వాలుతుంది. సాఫ్ట్‌వేర్ తప్పదంటే దాని సెట్టింగుల్లోని బఫర్ సైజును (పైన చెప్పిన బఫర్ సర్క్యూట్ కాదు) 64 శాంపిళ్లకు తగ్గించండి. హెడ్‌ఫోన్స్‌లో బేస్, పియానో ఎక్కువ, గొంతు తక్కువ, రివర్బ్ అతి తక్కువ. ఊగే గొంతు పక్కన శ్రుతి వెతుక్కోవడం కష్టం. లెవెల్ పెట్టేటప్పుడు పెడల్ పూర్తిగా తెరిచి గట్టిగా మీటి, శిఖరాలు డిజిటల్ సున్నాకు 12 డీబీ కింద ఉండేలా చూడండి. పాటలో అంత గట్టిగా రాకపోయినా, ఒక్కసారి పాదం జారితే ఆ ఖాళీయే కాపాడుతుంది.

పని ముగించే ముందు పది ఖాళీ తీగలు, తర్వాత ఏ, బీ పెడల్స్ తొక్కిన కార్డ్, ఒక నిమిషం రికార్డ్ చేసి ఉంచండి. మైకు దూరం, యాంప్ నాబ్‌లు, నేల మీది టేప్ ఫోటో తీయండి. మర్నాడు నాలుగు మెజర్ల ముక్క మళ్లీ వాయించాల్సి వస్తే, పాత వాయిద్యం శ్రుతి రాత్రి చలికి ఎంత కదిలిందో ఆ నిమిషం విని సరిచేసుకోవచ్చు.