అచ్చులో కవితా, గొంతులో పాటా: లియొనార్డ్ కోహెన్ విషయంలో ఏది మేలు?

మాంట్రియల్‌లో 1934లో పుట్టిన కెనడా కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ తొలి పాటల రికార్డు 1967 డిసెంబరులో వెలువడింది. అప్పటికే ఆయన నాలుగు కవితా సంపుటాలు, రెండు నవలలు ప్రచురించి ఉన్నారు. కెనడాలో పేరు వచ్చినా పుస్తకాల మీద బతుకు గడవకపోవడం ఆయన పాటవైపు మళ్లడానికి ఒక ముఖ్య కారణం. అయితే ఆ మలుపు కవిత్వానికి మేలు చేసిందా అన్నది రాబడిని బట్టి తేలే ప్రశ్న కాదు. ఒకే రచనను రెండు రూపాల్లోనూ పరిశీలించాలి.

అందుకు ఆయన రాసిన ‘సుజాన్’ తగినది. 1966 నాటి సంపుటంలో అది కవితగా అచ్చయింది. పాటలో మూడు చరణాలుంటాయి. ఒక్కొక్క చరణం చివర దాదాపు అవే మాటలు తిరిగి వస్తాయి గాని, ఎవరు ఎవరిని మనసుతో తాకారన్నది మాత్రం ప్రతిసారీ మారుతుంది. పుటమీద చదివేటప్పుడు కన్ను దాన్ని ఇంతకు ముందు చూసిన పంక్తే అనుకుని దాటిపోయే వీలుంది. పాటలో బాణీ మారదు కాబట్టి, మారిన ఆ ఒక్క సర్వనామం చెవికి స్పష్టంగా తగులుతుంది, అర్థమంతా అక్కడే తిరగబడుతుంది. ఈ రచన వరకు పాటే మేలని నేను నిస్సందేహంగా అంటాను.

మరి ఎవరి గొంతులో? ‘సుజాన్’ను కోహెన్ కంటే ముందే, 1966లోనే, జూడీ కాలిన్స్ రికార్డు చేశారు. 1984 నాటి ఆయన పాట ‘హల్లెలూయా’ను లోకమంతటికీ చేర్చింది కూడా 1991లో జాన్ కేల్, 1994లో జెఫ్ బక్లీ పాడిన తీరులే. వ్యాప్తి కావాలంటే గాయకులకు ఇవ్వడమే మంచిది. మాట నిలవాలంటే మాత్రం, పై స్థాయికి పెద్దగా వెళ్లలేని, మాట్లాడినట్టే సాగే కోహెన్ స్వరాన్నే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ వినేవారి ధ్యాసను గాత్రనైపుణ్యం పక్కకు లాగదు.

అన్ని రచనలకూ ఈ తీర్పు వర్తించదు. యూదుల సామూహిక హత్యలను నడిపించిన నాజీ అధికారి ఐక్‌మన్ గురించి ఆయన రాసిన 1964 నాటి కవిత, కళ్లు, జుట్టు, బరువు అంటూ నింపిన దరఖాస్తు ఫారంలా కనిపిస్తుంది. అతి మామూలు మనిషి అంత ఘోరం చేశాడన్న భయం ఆ అచ్చురూపంలోనే పుడుతుంది, బాణీ కడితే పోతుంది. ‘హల్లెలూయా’ వచ్చిన 1984లోనే కోహెన్ తన 50 గద్య ప్రార్థనలను రికార్డుగా కాక పుస్తకంగా వెలువరించారు. దేవుణ్ని ఒంటరిగా, తడబడుతూ వేడుకునే ఆ మాటలకు చదువరి తనకు తోచిన చోట ఆగే స్వేచ్ఛ అవసరం, ఆ స్వేచ్ఛను అచ్చు పుటే ఇవ్వగలదు.