హిలో ప్యాలెస్ థియేటర్‌లో హవాయి పాట

హవాయి వెళ్లే మనవాళ్లలో చాలామందికి అక్కడి సంగీతం అంటే లువావు విందులో వినిపించేదే. రిసార్టు పచ్చికలో భోజనం, నిప్పు కాగడాలు తిప్పుతూ ఒక డాన్స్ (అది నిజానికి సమోవా వాళ్లది), మధ్యలో కొన్ని పాటలు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ టికెట్ చాలాచోట్ల మనిషికి 150 డాలర్లు దాటుతుంది, విందులో ముఖ్యమైన వంటకం పంది మాంసం. మాలాంటి శాకాహారులకు అందులో సగం డబ్బు దండగే. బిగ్ ఐలండ్ దీవిలో పడమటి పక్కనున్న కోనా వైపు అది చూశాక, పాట కోసమే తూర్పు పక్కనున్న హిలోకి వెళ్లాం. ఆ ట్రిప్ మొత్తానికీ మంచి సాయంత్రం అక్కడే దొరికింది.

ప్యాలెస్ థియేటర్ హైలీ వీధిలో ఉంది. మూకీ సినిమాల రోజుల్లో, 1925లో తెరిచారు. 1946లో, 1960లో వచ్చిన సునామీలు హిలో రేవు పక్క వీధుల్ని ఊడ్చేసినా ఈ హాలు నిలబడింది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. మమ్మల్ని లోపలికి పంపినవాళ్లు, సీట్లు చూపించినవాళ్లు ఊళ్లోని వాలంటీర్లే. మాకు సీటు చూపించిన పెద్దావిడ ఆ రోజు ఎవరు పాడుతున్నారో, ఎవరి శిష్యులో కూడా చెప్పి వెళ్లింది. ఏ రిసార్టులోనూ మాకు ఇలాంటి మర్యాద కనిపించలేదు.

స్టేజి మీద ఆర్భాటం లేదు. స్లాక్ కీ గిటార్, ఉకులేలే, స్టీల్ గిటార్, బేస్. ఒక్కో వాయిద్యానికీ ఒక్కో వలస కథ ఉంది. 1830ల్లో పశువుల్ని కాయడం నేర్పడానికి మెక్సికో నుంచి వచ్చిన కౌబాయ్‌లతో గిటార్ వచ్చింది. స్థానికులు దాని తీగలు వదులు చేసి తమదైన శ్రుతి పెట్టుకున్నారు, అదే స్లాక్ కీ. 1879లో మదీరా దీవుల నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన పోర్చుగీసు కుటుంబాల చిన్న గిటారే ఉకులేలే అయింది. తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే పద్ధతికి రూపమిచ్చింది హవాయి కుర్రాడు జోసెఫ్ కెకుకు. ఆ స్టీల్ గిటార్ మన దేశానికీ వచ్చింది. టావు మో అనే కళాకారుడు 1940ల్లో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. కర్ణాటక సంగీతంలో చిత్రవీణ విన్న చెవికి ఆ జారుడు స్వరం కొత్తగా అనిపించదు.

పాట మొదలుపెట్టే ముందు గాయకుడు అది ఏ ఊరిదో, ఎవరి కోసం కట్టిందో చెబుతాడు. హవాయివాళ్లు వానలకు కూడా పేర్లు పెట్టుకున్నారు. హిలో వాన పేరు కనిలెహువా. దాని మీద పాట పాడుతుంటే బయట నిజంగానే ఆ వాన కురుస్తోంది. పైకి వాన, పువ్వు, కొండ గురించి చెబుతున్నట్టే ఉంటుంది, లోపల ప్రేమ కథ నడుస్తుంటుంది. క్షేత్రయ్య పదాలు తెలిసినవాళ్లకు ఈ గుట్టు వెంటనే అందుతుంది. ఒక పాటకు ప్రేక్షకుల్లోంచి ఒకామె లేచి, చెప్పులు విప్పి, స్టేజి పక్కనే హవాయి నాట్యం హులా చేసింది. చేతులు పాటలోని మాట మాటకూ అర్థం చూపిస్తుంటే మా అమ్మాయి, "కూచిపూడి అభినయంలా ఉంది నాన్నా" అంది. రిహార్సల్ లేదు, ఆ పాట ఆమెకు వచ్చు, అంతే.

ఇంకొకటి గమనించాను. గాయకుడు హవాయి భాషలో అన్నదాన్ని ఇంగ్లీషులో వివరించకముందే హాల్లో కొందరు కుర్రాళ్లు నవ్వుతున్నారు. 1896 చట్టంతో బడుల్లో చదువంతా ఇంగ్లీషులోకి మారిపోయి, హవాయి భాష దాదాపు ఆరిపోయే దాకా వచ్చింది. 1980ల నుంచి హవాయి భాషలోనే నడిచే పసిపిల్లల బడులతో దాన్ని మళ్లీ నిలబెడుతున్నారు. హిలో యూనివర్సిటీలో ఆ భాషకు ప్రత్యేకంగా ఒక కాలేజీయే ఉంది. ఆ నవ్వు వెనక అంత కష్టం ఉందని తెలిస్తే వినే తీరే మారిపోతుంది. చివర్లో అందరూ లేచి, చేతులు పట్టుకుని 'హవాయి అలోహా' పాడారు. మాకు పదాలు రావు, అయినా పక్కవాళ్లు మా చేతులు వదల్లేదు.

వైమెయాలోని కహిలు థియేటర్‌కి కూడా వెళ్లాం. హిలో నుంచి సుమారు 55 మైళ్లు. పార్కర్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రం ఉన్న ఊరది, 1981లో కట్టిన హాలు, 490 సీట్లు. సౌండ్, సౌకర్యం రెండూ ప్యాలెస్ కంటే మెరుగు. గిటార్ తీగ మీద వేలు కదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. వాయిద్యం మీద ఎక్కువ ఆసక్తి ఉంటే అదే మంచిది. ఊరి మనుషుల మధ్య కూర్చుని వినాలంటే మాత్రం నా ఓటు హిలోకే. వైమెయా ఎత్తులో ఉంది, రాత్రి చలి. తిరుగు దారిలో వాన, పొగమంచు ఉంటే డ్రైవింగ్ టెన్షనే. హోనొలులు ఉన్న ఓఆహు దీవి దాటి వెళ్లనివాళ్లకు ఆ నగరంలోనే 1922 నాటి హవాయి థియేటర్ ఉంది.

బస విషయానికొస్తే, మొదట ఊరి బయట అడవి అంచున ఒక ఇల్లు తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వంటిల్లు బాగుంది. కానీ రాత్రంతా కోకి కప్పల గోల. ప్యూర్టోరికో నుంచి వచ్చిపడిన ఈ కప్ప బొటనవేలి గోరంత ఉంటుంది, అరుపు మాత్రం చెవులు దిమ్మెక్కిస్తుంది. ఓనరు ముందు ఒక్క మాట చెప్పలేదు. తర్వాత సముద్రం ఒడ్డున ఒక పాత హోటల్‌కి మారాం. గదిలో కొంచెం చెమ్మ వాసన ఉంది గానీ నిద్ర పట్టింది, థియేటర్‌కి కారులో కొద్ది నిమిషాలే.

కచేరీ తర్వాత తిందామనుకోకండి, ఊళ్లో హోటళ్లు త్వరగా మూసేస్తారు. బుధ, శనివారాల్లో పెద్దగా జరిగే రైతు బజారులో బొప్పాయి, రాంబుటాన్ కొని గదిలో పెట్టుకుంటే శాకాహారులకు ఇబ్బంది ఉండదు. గొడుగు తప్పనిసరి. ముందు థియేటర్ క్యాలెండర్ చూసి కచేరీ టికెట్ కొనండి, ఫ్లైట్ తర్వాత. ఈస్టర్ తర్వాతి వారం మెర్రీ మోనార్క్ హులా పోటీలు జరుగుతాయి, అప్పుడు హిలోలో గదులు దొరకడం చాలా కష్టం. ఆ వారమే వెళ్లాలనుకుంటే నెలల ముందే బుక్ చేసుకోవాలి.