ద్వారకా నగర్‌లో ఆదివారం స్టాటిస్టిక్స్ తరగతి: ఎనిమిది చీటీలతో పి విలువ

భీమిలి వైపున్న ఒక రొయ్యల హేచరీలో ల్యాబ్ పని చూస్తాను. ఆరు వారాలపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి విశాఖ వచ్చి ద్వారకా నగర్‌లో ఈ తరగతికి హాజరయ్యాను. ఫీజు 3,000 రూపాయలు. వెళ్లవచ్చా అని మా తోటివాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. తప్పకుండా వెళ్లండి.

నేనెందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా హేచరీకి ఒక ప్రోబయోటిక్ మందు (మేలు చేసే సూక్ష్మజీవులుండేది) అమ్మకానికి వచ్చింది. పరీక్షించి చూడమని యజమాని నాకు అప్పగించారు. ఎనిమిది చిన్న ట్యాంకులు తీసుకుని నాలుగింటిలో మందు వేశాను, నాలుగింటిని మామూలుగా వదిలేశాను. చివరికి బతికిన రొయ్య పిల్లల శాతం మందు వేసిన ట్యాంకుల్లో 62, 58, 66, 61. వేయనివాటిలో 55, 60, 52, 57. సగటున 5.75 తేడా. లక్ష పిల్లలకు 5,750 పిల్లలు అదనంగా మిగిలినట్టు.

ఈ అంకెలను డబ్బు తీసుకుని విశ్లేషణ చేసిపెట్టే ఒకచోట ఇచ్చాను. రెండు రోజుల్లో రంగురంగుల నివేదిక వచ్చింది. పి విలువ అనే అంకె 0.025, అది 0.05 అనే హద్దు కన్నా తక్కువ కాబట్టి ఫలితం సిగ్నిఫికెంట్ (లెక్కలోకి తీసుకోదగ్గది), అందుకని మందు పనిచేస్తుందనడానికి 97.5 శాతం భరోసా అని రాశారు. ఆ ఆఖరి వాక్యం చూసి మా యజమాని పెద్ద ఆర్డరు పెట్టడానికి సిద్ధమయ్యారు. ఆ 97.5 ఎలా వచ్చిందని ఫోను చేసి అడిగాను. "సాఫ్ట్‌వేర్ ఇచ్చిందండీ" అన్నారు. పరీక్ష చేసింది నేను, కాగితం కింద సంతకం నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరగతి ఒక జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తులో. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బోర్డు, గోడమీద ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ఫొటో. ఆయన మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, తర్వాత కేంబ్రిడ్జిలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర 1948లో పిహెచ్.డి. పూర్తి చేశారని మాస్టారు మొదటి రోజే చెప్పారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు కాస్త మారింది. మాస్టారు లెక్చరర్‌గా రిటైరయ్యారు. మా బ్యాచ్‌లో నర్సింగ్ పీజీ అమ్మాయిలు ఎక్కువ, ఇద్దరు ఫార్మసీవాళ్లు, ఒక బ్యాంకు ఉద్యోగి.

మూడో ఆదివారం గురించే నేను ఎక్కువగా చెప్పాలి. "నీ అంకెలు ఇటియ్యమ్మా" అని మాస్టారు పాత క్యాలెండరు కాగితం ఒకటి తీసుకుని ఎనిమిది చీటీలుగా చింపారు. ఒక్కో దానిమీద ఒక్కో ట్యాంకు శాతం రాశారు. బల్లమీద పరిచి, "మందు ఏమీ చేయలేదనే అనుకుందాం. శూన్య పరికల్పన అంటే అంతే. అలాగైతే ఈ 66 మందు వేసినా వేయకపోయినా 66గానే ఉండేది. మందు అనే పేరు ఈ నాలుగు చీటీలమీద పడిందంతే. వేరే నాలుగింటిమీద పడి ఉండవచ్చు" అన్నారు.

ఎనిమిదింటిలో నాలుగింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చు? 70 రకాలు. నా నాలుగు ట్యాంకుల మొత్తం 247. ఆ 70 గుంపుల్లో ఎన్నింటి మొత్తం 247 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అవుతుందో మమ్మల్నే చీటీలు జరిపి చూడమన్నారు. బల్ల చుట్టూ చేరాం. 66, 62, 61, 60 కలిపితే 249. 60 తీసి 58 పెడితే నా 247. ఇక 57 పెట్టినా 246కి దిగిపోతోంది. ఎలా జరిపినా మూడోది దొరకలేదు. 70లో 2, అంటే 0.029. నివేదికలోని 0.025కి దగ్గరే, వాళ్లు వాడిన పద్ధతి వేరు. ఇన్నాళ్లూ కంప్యూటర్ తెరమీద మాత్రమే చూసిన అంకెను ఆ రోజు నా వేళ్లతో లెక్కపెట్టాను.

అప్పుడు మాస్టారు అడిగారు: "ఇది దేని సంభావ్యత?" మందు పనిచేయకపోయి ఉంటే ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, కేవలం పంపకం వల్ల కనబడే సంభావ్యత. మందు పనిచేయదని ముందే అనుకుని లెక్క మొదలుపెట్టాం. అలాంటి లెక్క మందు పనిచేసే అవకాశం ఎంతో ఎలా చెబుతుంది? 97.5 శాతం భరోసా అన్న మాట అక్కడికక్కడే కూలిపోయింది. పరికల్పన నిజమయ్యే సంభావ్యతను పి విలువ కొలవదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటించింది. ఆ ప్రకటన ప్రతులు మాస్టారు అందరికీ పంచారు.

ఆయన అక్కడితో ఆగలేదు. "మందు పిల్లలకు హాని చేసే అవకాశం కూడా ఉందా?" అన్నారు. ఉంది, ఎందుకుండదు. అయితే కింది వైపు కూడా లెక్కించాలి. మొత్తం 224 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చే గుంపులు ఇంకో రెండు. 70లో 4, 0.057. అవే ట్యాంకులు, అవే పిల్లలు, ఫలితం మాత్రం 0.05 గీతకు అవతల పడింది. నివేదిక తీసి చూస్తే ఒకవైపు మాత్రమే లెక్కించారు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. 0.05 అనే గీత కూడా ప్రకృతి గీసింది కాదని, 1925లో ఫిషర్ తన పుస్తకంలో వీలుగా ఉంటుందని వాడిన హద్దు అని మాస్టారు చెప్పారు. కప్పులో ముందు పోసింది పాలా, టీనా అని రుచి చూసి చెప్పగలరా అని పరీక్షించే ప్రయోగాన్ని అదే ఫిషర్ 1935లో వివరించారు, అందులోనూ ఎనిమిది కప్పులే. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు. అక్కడా 70 రకాలే.

చివరి ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏ ట్యాంకుల్లో మందు వేయాలో ఎలా తేల్చావని అడిగారు. బకెట్ మోయడానికి దగ్గరని గోడవారన ఉన్న నాలుగింటిలో వేశాను. ఆ వరుసలో నీరు రాత్రిపూట కాస్త వెచ్చగా ఉంటుంది. తేడా మందు వల్ల వచ్చిందో వెచ్చదనం వల్ల వచ్చిందో ఏ పి విలువా విడదీయలేదు. మాస్టారు కోప్పడలేదు. "ఈసారి చీటీలు ముందు వెయ్యమ్మా" అన్నారు.

లోపాలు కూడా చెబుతాను. నమూనా ఎంత పెద్దది ఉండాలనే పాఠాన్ని ఒక్క గంటలో ముగించారు. మాబోటివాళ్లకు దానికి రెండు ఆదివారాలైనా కావాలి. కంప్యూటర్లు నాలుగే, వంతులు వేసుకోవాలి. ఒకేసారి ఇరవై అంశాలు పరీక్షిస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, కనీసం ఒకటైనా 0.05 కిందికి వచ్చే అవకాశం 64 శాతం. ఇంత ముఖ్యమైన సంగతిని ఆఖరి రోజు హడావుడిగా చెప్పారు. మా నర్సింగ్ అమ్మాయిల ప్రాజెక్టులన్నింటికీ అదే కీలకం, ముందే చెప్పాల్సింది.

యజమానికి ఎనిమిది చీటీలూ చూపించి విషయం చెప్పాను. ఆర్డరు ఆపారు. పన్నెండు ట్యాంకులతో మళ్లీ పరీక్ష మొదలుపెట్టాం. ఈసారి ఆరింటిలో మందు, ఆరింటిలో లేదు, మొత్తం 924 రకాలు. ఏ ట్యాంకుకు మందో మేత వేసే కుర్రాడి చేత స్టీలు డబ్బాలోంచి చీటీలు తీయించాను. రెండు వైపులా లెక్కిస్తానని నోట్‌బుక్‌లో ముందే రాసి తేదీ వేశాను. గోడవార వరుసలో ఈసారి మందు పడింది రెండు ట్యాంకులకే.