అద్దె ఇంట్లో ట్రంపెట్: యమహా సైలెంట్ బ్రాస్ ఏళ్ల తరబడి వాడాక

దేశం మారేటప్పుడు ట్రంపెట్ తెచ్చుకోవడం పెద్ద పని కాదు. ఊదడానికి చోటు దొరకడమే కష్టం. ముందు దొరికేది ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దె ఇల్లు. గోడ అవతల ఎవరుంటారో తెలియదు, మాట వస్తే సర్దిచెప్పుకునేంత భాష రాదు. ఆ టెన్షన్‌లో ఊదితే గాలి సగంలోనే ఆగిపోతుంది. ట్రంపెట్ శబ్దాన్ని బయటికి తగ్గించి, వాయించేవాడికి మాత్రం హెడ్‌ఫోన్‌లో వినిపించే యమహా సైలెంట్ బ్రాస్ నేను కొన్నది అందుకే. ఇళ్లు మారాయి కానీ దీన్ని మాత్రం వదల్లేదు.

నా దగ్గరున్నది 2013లో వచ్చిన తరం. ట్రంపెట్ బెల్‌లో, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పు మూతిలో, ఇమిడిపోయే పీఎం7ఎక్స్ మ్యూట్ (శబ్దాన్ని తగ్గించే మూత), అందులో మైకు, అక్కడి నుంచి ఒక వైరు, చివర నడుముకు తగిలించుకునే ఎస్‌టీఎక్స్ అనే చిన్న పెట్టె. రెండు డబుల్ ఏ సెల్స్ వేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే చాలు. మూసేసిన ట్రంపెట్ ముక్కుతో పాడినట్టుంటుంది కదా, ఆ శబ్దాన్ని ఈ పెట్టె సవరించి మ్యూట్ లేనట్టుగా వినిపిస్తుంది. ఫోన్‌ని కూడా దీనికే కలుపుకుని మెట్రోనోమ్‌తోనో, పాటతోనో వాయించుకోవచ్చు.

బయటికి ఎంత వినిపిస్తుంది? పేరు సైలెంట్ అయినా పూర్తి నిశ్శబ్దం ఉండదు. అదే గదిలో ఉన్నవాళ్లకు సన్నగా, కాస్త చిరాకుగా వినిపిస్తుంది. తలుపేస్తే పక్క గదిలో టీవీ శబ్దంలో కలిసిపోతుంది. గోడ దాటి ఫిర్యాదు వచ్చిన సందర్భం ఇంతవరకు లేదు. నేలకు ఆనించి కాలితో తాళం వేసే అలవాటుంటే మాత్రం కింది ఇంటివాళ్లకు ట్రంపెట్ కన్నా ముందు అదే వినిపిస్తుంది.

అసలు మ్యూటే లేకుండా ఎంతసేపు ఊదొచ్చు అనేది ఏ దేశానికి ఆ దేశం, ఏ భవనానికి ఆ భవనం. అద్దె ఒప్పందంలో ఆ భాగాన్ని భాష తెలిసినవాళ్లతో చదివించుకోండి. జర్మనీలో ఈ తగువు అత్యున్నత సివిల్ కోర్టు దాకా వెళ్లింది. ఆగ్స్‌బర్గ్‌లో ఒక వృత్తి ట్రంపెట్ వాద్యకారుడి మీద పక్కింటివాళ్లు వేసిన కేసులో, 2018లో ఆ కోర్టు ఇంట్లో సంగీతం వాయించుకోవడాన్ని పూర్తిగా ఆపలేమంది. పనిరోజుల్లో రెండు మూడు గంటలు, ఆదివారాలు, సెలవుల్లో ఒకటి రెండు గంటలు, అదీ మధ్యాహ్నం, రాత్రి విశ్రాంతి వేళలు తప్పించి అని ఒక అందాజు చెప్పింది. వృత్తిగా వాయించేవాడికే ఇంత లెక్క ఉంటే, ఉద్యోగం నుంచి రాత్రికి ఇల్లు చేరే నాలాంటి వాళ్లకు మ్యూట్ తప్పదు.

ఇక లోపాల దగ్గరికి వస్తే, మొదటిది గాలికి ఎదురయ్యే ఒత్తిడి. మ్యూట్ పెట్టగానే ఊదడం బరువెక్కుతుంది. కొన్నాళ్లకు ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, ఆ అలవాటే ప్రమాదం. వారమంతా మ్యూట్‌తో ఊది, తర్వాత తీసేసి వాయిస్తే గాలి ఒక్కసారిగా పారిపోయినట్టుంటుంది, శ్రుతి పట్టు కూడా జారుతుంది. రెండోది కింది స్వరాలు. మధ్య స్థాయిలో శ్రుతి బాగానే నిలుస్తుంది. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) కింద గీత దాటి దిగేకొద్దీ స్వరం మూసుకుపోతుంది, పెదాలతో అటూ ఇటూ లాగాల్సి వస్తుంది. అక్కడ పొడుగు స్వరాలు సాధన చేయడం నేను మానేశాను.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: ఈ పెట్టె మనల్ని పొగుడుతుంది. రివర్బ్ (ప్రతిధ్వని) పెడితే పెద్ద హాల్లో వాయిస్తున్నట్టే ఉంటుంది. స్వరం మొదలయ్యేచోట తడబాటు, చివర తెగిపోవడం అన్నీ ఆ మోతలో దాక్కుంటాయి. రివర్బ్ ఆపేసి వినండి, నచ్చదు, కానీ పనికొస్తుంది. వేళ్ల వేగం, నాలుక, స్కేల్స్, కొత్త నోట్స్ చదవడం, వీటికి ఇది బంగారం. స్వరంలో నిండుదనం కావాలంటే గాలి, గది, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ఆ మనిషి అమెచ్యూర్ బ్యాండ్‌లో దొరుకుతాడు. భాష రాకపోయినా చేరిపోవచ్చు. బార్ల (నోట్స్‌లో తాళం లెక్కన విడదీసిన గడుల) నంబర్లు పట్టుకోవడానికి అంకెలు వస్తే మొదటి రిహార్సల్ గడిచిపోతుంది, మెల్లగా, గట్టిగా, పెంచుతూ అని చెప్పే పియానో, ఫోర్టే, క్రెషెండో ఎక్కడైనా అవే. చేరేముందు ఎలాంటి బ్యాండో అడగండి: బ్రిటిష్ తరహా బ్రాస్ బ్యాండ్ అయితే ట్రంపెట్‌కి చోటుండదు, దాన్ని పోలిన పొట్టి వాద్యం కార్నెట్ కావాలి. ఈ పీఎం7ఎక్స్ కార్నెట్‌కి కూడా సరిపోతుంది కాబట్టి మ్యూట్ మళ్లీ కొనక్కర్లేదు. రిహార్సల్ ముందు రోజు నేను మ్యూట్ ముట్టుకోను, ఎక్కడో ఒకచోట తెరిచి ఊదుతాను. వీలు కాకపోతే మౌత్‌పీస్‌తోనే సరిపెట్టుకుంటాను.

మన్నిక విషయంలో పెద్ద ఫిర్యాదు లేదు. లోపల తడి చేరుతుంది కాబట్టి వాడాక తీసి ఆరబెట్టాలి, బెల్‌లోనే వదిలేయకూడదు. బెల్ చల్లగా ఉంటే సరిగ్గా పట్టదు, కొద్దిగా తిప్పుతూ నొక్కాలి. పేజీ తిప్పేటప్పుడు వైరు స్టాండ్‌కి చిక్కుకోవడం రోజూ ఉండే చిన్న విసుగు. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఖర్చు ఎక్కువ అనిపిస్తే మామూలు ప్రాక్టీస్ మ్యూట్‌తో మొదలుపెట్టండి, చెవికి సుఖం ఉండదు గానీ పొరుగువాళ్లకు తేడా తెలియదు. సెకండ్ హ్యాండ్ సైలెంట్ బ్రాస్ దొరికితే ఏ తరందో చూసుకోండి, మొదటి తరం మ్యూట్ పెద్దది, బరువు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వైరు కొనను రెండు వైపులా కదిపి చూడండి, గరగర వస్తే వదిలేయండి.